ఖమ్మూన్ తమ్ముడి గుండె మాత్రలు

ఊళ్ళో ఎవడైనా నిద్రలో పోయాడని తెలిస్తే, మర్నాడు పొద్దున్నే ఖమ్మూన్ దుకాణం ముందు మగాళ్ళు వరస కడతారు. గోళ్ళకు ఎర్ర రంగు వేయించుకోవడానికి. విధవ దయ్యం వచ్చి పడుచు మగాళ్ళను ఏరి మరీ తీసుకుపోతుందని, గోళ్ళు ఎర్రగా కనిపిస్తే ఎవరో ఆడమనిషిలే అనుకుని వదిలేస్తుందని మా కాలసిన్ జిల్లా వైపు తాతల నాటి నమ్మకం. గుమ్మానికి ఎర్ర చొక్కా వేలాడదీసేవాళ్ళు కొందరు. "ఈ ఇంట్లో మగాళ్ళు లేరు" అని పలక మీద రాసి గేటుకు కట్టి, ఆ గేటు వెనకాలే బనీనుతో కూర్చుని బీరు తాగేవాళ్ళు ఇంకొందరు.

బ్యాంకాక్ నుంచి కెమెరాలతో వచ్చేవాళ్ళు దీన్ని చూసి నవ్వి పోతారు. నవ్వనివాళ్ళు జానపద వివేకమని మురిసిపోతారు. ఈ రెండో రకం మరీ విసుగు. దయ్యం సంగతి ఎలా ఉన్నా, చావులు నిజం. ముప్ఫయ్యేళ్ళవాడు, ఏ జబ్బూ లేనివాడు, కడుపునిండా తిని పడుకుని తెల్లారి లేవడు. మావాళ్ళు దాన్ని లై తాయ్ అంటారు. అంతటి భయానికి చేతిలో మందేమీ లేనప్పుడు మనిషి గోళ్ళ రంగైనా వేసుకుంటాడు. ఇందులో నవ్వాల్సిందీ లేదు, మురవాల్సిందీ లేదు.

ఖమ్మూన్‌ది జుట్టు కత్తిరించే దుకాణం. ఒక కుర్చీ, ఒక అద్దం, బయట నిమ్మగడ్డి కుండీలు. ఆమె తండ్రి బ్యాంకాక్‌లో ఇళ్ళు కట్టే పనికి పోయి, కూలీల షెడ్డులో నిద్రలోనే పోయాడు. పెళ్ళయ్యాక మొగుడు థవిన్ కూడా అలాగే పోయాడు, ఆమె వేసిన రంగు గోళ్ళ మీద ఉండగానే. "ఒకటి కాదు, రెండు పూతలు వేశాను," అని చెబుతుంది, అదేదో సరుకు నాణ్యత గురించి మాట్లాడుతున్నట్టు. మరి నమ్మకం పోయాక ఇంకా ఎందుకు వేస్తున్నావని ఒకసారి అడిగాను.

"వేయించుకుంటే వాళ్ళకి నిద్ర పడుతుంది. నిద్రలేకపోతే మర్నాడు తోటలో చెరుకు బదులు కాళ్ళు నరుక్కుంటారు," అంది. తర్వాత కిసుక్కున నవ్వి, "ఒక విధవకి భయపడి ఇంకో విధవ దగ్గరికొచ్చి చేతులు చాపుతున్నార్రా అంటే ఒక్కడికీ సిగ్గు లేదు," అని కూడా అంది.

ఆమెకు మిగిలింది తమ్ముడు సాయన్ ఒక్కడే. చెరుకు కొట్టే ముఠాలో పని. కత్తి పట్టుకుంటే పొద్దు వాలేదాకా దించడని పేరు. అలాంటివాడు ఆ ఏడు కోతల మొదట్లో, ఒంట్లో జ్వరం ఉండగానే పనికి పోయి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఒక నిమిషంలో తనంతట తనే లేచాడు. ఎండ దెబ్బ అన్నారు ముఠావాళ్ళు. వాడూ అదే అన్నాడు. ఖమ్మూన్ మాత్రం దుకాణం తలుపు వేసి, వాడిని మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయింది.

అక్కడ మొదటి గొడవ గుండె దగ్గర రాలేదు, గోళ్ళ దగ్గర వచ్చింది. నర్సు వాడి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టింది. యంత్రం అంకెలు చూపించనంది.

"ఇంత చిక్కగా రంగేసుకుంటే దీనికి లోపల రక్తం కనపడదండీ. ఒక్క గోరు తుడుస్తాను," అంది నర్సు, దూది తడుపుతూ.

సాయన్ రెండు చేతులూ చంకల్లో దాచేసుకున్నాడు. "వేలు కోసుకోండి. రంగు మాత్రం ముట్టుకోవద్దు."

"ఒరే, దయ్యం వచ్చి నీ వేళ్ళు లెక్కపెడుతుందిట్రా?" అంది ఖమ్మూన్. "తొమ్మిది ఎర్రగా ఉంటే ఆడదే అనుకుంటుంది. పదోది అంట్లు తోమితే పోయిందనుకుంటుంది. ఇవ్వు చెయ్యి."

నర్సు నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. సాయన్ చిటికెన వేలు ఇచ్చాడు.

ఆ తర్వాత ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. గుండె డాక్టరు సురీరత్ అనే ఆమె, ఖమ్మూన్ కన్నా చిన్నది, ఆ గీతల కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇంట్లో ఎవరైనా నిద్రలో పోయారా అని అడిగింది. తండ్రి సంగతి విన్నాక కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"గుండె కొట్టుకోవాలంటే లోపల సన్నగా కరెంటు పారాలి. మీకు ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. మామూలు రోజుల్లో ఏం తెలీదు. జ్వరమొచ్చినా, పీకలదాకా తిని తాగి పడుకున్నా అది ఇంకా మూసుకుపోతుంది. అప్పుడు గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది. వణికే గుండె రక్తాన్ని తోయదు."

"అయితే దయ్యం కాదంటారు," అన్నాడు సాయన్, కాస్త నిరాశగా.

"దయ్యం ఉందో లేదో నాకు తెలీదు. ఈ గీత మాత్రం ఉంది, ఇదిగో," అంది డాక్టరు.

ఛాతీలో చర్మం కింద చిన్న పెట్టె పెడతామని, గుండె వణికితే అదే షాకిచ్చి నిలబెడుతుందని, అన్నిటికన్నా మంచి దారి అదేనని చెప్పింది. సాయన్ లేచి నిలబడ్డాడు. "నేను మనిషినండీ. బ్యాటరీ బిగించడానికి ట్రాక్టర్ని కాదు." ఖమ్మూన్ ఎంత తిట్టినా కూర్చోలేదు. బలవంతంగా ఛాతీ కోసే చట్టం మా దేశంలో లేదు కాబట్టి డాక్టరు రెండో దారి పట్టింది. క్వినిడిన్ అనే మాత్రలు మూడు పూటలా వేసుకోమని రాసింది. సింకోనా బెరడులోంచి వచ్చే మందు అది, మలేరియాకు మా ముందు తరం మింగిన క్వినైన్‌కు తోడబుట్టినది. కరెంటు దారి తప్పకుండా కాస్త కాపు కాస్తుంది.

"కడుపు పాడుచేస్తుంది. అయినా ఆపొద్దు. పడుకోబోయే ముందుది అసలే మానొద్దు. జ్వరం తగిలితే వెంటనే ఇక్కడికి రావాలి," అంది డాక్టరు. "ఇంకో మాట. గుండె మందని పేరున్న ప్రతిదీ మీకు మందు కాదు. ఎవరేమిచ్చినా నాకు చూపించకుండా మింగొద్దు."

అక్కా తమ్ముళ్ళిద్దరూ తలూపారు. పెద్ద చదువులవాళ్ళ ముందు మావాళ్ళు అన్నిటికీ తలూపుతారు. అది ఒప్పుకోవడం కాదు, మర్యాద.

ఖమ్మూన్ ఆ కోతకాలమంతా తమ్ముణ్ణి కనిపెట్టి ఉంది. ఆమె బుజ్జగించే రకం కాదు, సతాయించే రకం. పొద్దున మాత్ర ఆమె ఎదుటే వేసుకోవాలి, నాలుక పైకెత్తి చూపించాలి. రాత్రి మాత్రా అంతే. మధ్యాహ్నంది మాత్రం తోటలో వేసుకోవాలి, అక్కడికి ఆమె పోలేదు. పైగా డాక్టరు చెప్పినట్టే అయింది. మాత్ర వేసుకున్న కాసేపటికి సాయన్ కత్తి అక్కడే పడేసి చెరుకులోకి పరిగెత్తేవాడు.

"కోసేది మనం, ఎరువేసేది సాయన్!" అని ఒకడు.

"ఆ వరసలో నేను కొట్టనురోయ్, వాడు ఇప్పుడే అటే పోయాడు!" అని ఇంకొకడు.

ముఠా కూలి మోపుల లెక్కన వస్తుంది. ఒకడు పరిగెడితే అందరి పనీ ఆగుతుంది. ఎవరూ కూలి మాట ఎత్తకపోయినా సాయన్‌కి తల తీసేసినట్టుండేది.

ఇక్కడ మా తిండి సంగతి ఒకటి చెప్పాలి. జిగురన్నం బుట్ట ఒక్కటే, చుట్టూ అందరి చేతులు. దంచిన బొప్పాయి పళ్ళెం ఒక్కటే. ఎవడి దగ్గర నొప్పి తైలం ఉంటే అందరి నడుములకూ అదే. తలనొప్పి మాత్ర ఒకడు తీస్తే, నొప్పి లేనివాడు కూడా ఒకటి అడిగి వేసుకుంటాడు. నాది అని పక్కకు తిరిగి తినేవాణ్ణి మా దగ్గర మనిషిగా లెక్కవెయ్యరు.

ఆ ముఠాకు మేస్త్రీ పూన్ మావ. అరవై దాటినవాడు. ఆయనకూ గుండె తాళం తప్పుతుంది, కానీ వేరే రకం. ఖోన్‌కేన్‌ పట్నంలో ఉన్న కూతురు అక్కడి డాక్టరుకు చూపించి ఫ్లెకైనైడ్ మాత్రలు ఇప్పించింది. వాటితో ఆయన గుండె కుదురుగానే ఉంది. ఒక రోజు పని మధ్యలో ఆయన ఖమ్మూన్ దుకాణానికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముందు రోజే పక్క ఊళ్ళో ఒక ట్రాక్టరు డ్రైవరు నిద్రలో పోయాడు.

"మావా, అరవై దాటినవాణ్ణి ఏ దయ్యమూ ఎత్తుకుపోదు. పోషించలేక వెనక్కి తెచ్చి దింపేస్తుంది," అంది ఖమ్మూన్, సీసా మూత తీస్తూ.

"నీకేం తెలుసే, ఉన్నవాళ్ళలో నేనే నయమనుకోవచ్చు అది. వెయ్యి, వెయ్యి." కుడి చెయ్యి చాపాడు. "అది సరేగానీ, మీ తమ్ముడు ఇప్పుడు మహారాజులా ఉన్నాడే. ఒక్కసారి కూడా తోటలోకి పరిగెత్తట్లేదు."

ఖమ్మూన్ చేతిలో కుంచె ఆగింది. "మధ్యాహ్నం మాత్ర మానేశాడా?"

"మానడమేంటి, నా ఎదుటే వేసుకుంటున్నాడుగా. నాది."

"నీదంటే?"

"నాదీ గుండె దడ మాత్రే కదే! పెద్ద డాక్టరిచ్చింది, కడుపునేమీ అనదు. వాడిది చూస్తే పేగులు తోడేస్తోంది. పాపం పడుచువాడు, నలుగురిలో నామోషీ. అందుకని మార్చుకున్నాం. నావి వాడు, వాడివి నేను. రాత్రివి కూడా మార్చి పొట్లం కట్టిచ్చాను, నువ్వు గుర్తుపట్టలేదు చూశావా! నాకేముంది, ముసలాణ్ణి, కాస్త పరిగెత్తితే ఒంటికి మంచిదే."

ఆయన మొహంలో గర్వం ఉంది. ఉండాల్సిందే మరి, ఆ కడుపునొప్పి ఆయన ఇష్టపడి తీసుకున్నాడు.

రాత్రి మాత్ర రంగు కాస్త తేడాగా ఉందని ఖమ్మూన్‌కి అనిపించిన మాట నిజం. కంపెనీ మారిందని తమ్ముడంటే నమ్మింది. ఇప్పుడు దాని గురించి కూర్చుని ఏడవలేదు. సాయన్‌కి ఫోను చేసింది, ఎత్తలేదు. ఆస్పత్రికి చేసి, నర్సు చేత డాక్టర్ని పిలిపించి, మావ చెప్పిన మాత్ర పేరు చెప్పింది. అవతల నుంచి ఒకే మాట వచ్చింది. "ఎక్కడున్నా వెంటనే తీసుకురండి."

"మావా, ఎక్కు."

"ఎడమ చెయ్యి?"

"ఎక్కమన్నానా!"

మట్టి దారిలో ఆమె బండి నడిపిన తీరుకు మావ దారి పొడవునా బుద్ధుణ్ణి తలుచుకున్నాడు. చెరుకు తోట దగ్గర అన్నాలు అయిపోయాయి. లారీ నీడన ముఠా అంతా అడ్డంగా పడుకుంది. సాయన్ మొహం మీద గళ్ళ తుండు కప్పుకుని వెల్లకిలా ఉన్నాడు. కదలడం లేదు.

ఖమ్మూన్ పిలవలేదు. పరుగున వెళ్ళి వాడి అరికాలి మీద ఒక్క తన్ను తన్నింది.

"అమ్మా!" తుండు ఎగిరిపడింది. "ఏంటక్కా, దయ్యంలా!"

"దయ్యాన్నే. లే."

లేవబోయి తూలాడు. ఒళ్ళు కాలుతోంది. పొద్దున్నుంచే అలా ఉందట. "మొన్నట్నుంచి ఛాతీలో బురదచేప కొట్టుకున్నట్టుందక్కా. మాత్ర పనిచేస్తోందేమో అనుకున్నా."

ముఠా పికప్పు బండిలో వాడిని వెనక పడుకోబెట్టారు. మంచినీళ్ళ పెట్టెలోని ఐసు మొత్తం తుండుల్లో కట్టి వాడి నుదుటి మీదా, చంకల్లోనూ పెట్టింది ఖమ్మూన్. జ్వరమొస్తే ఆ కరెంటు దారి ఇంకా మూసుకుపోతుందని డాక్టరు చెప్పిన మాట ఒక్కటే ఆమె గట్టిగా పట్టుకుంది. వాడు కళ్ళు మూస్తే చెంప మీద కొట్టింది.

"నిద్రొస్తోందక్కా."

"ఇంట్లో నీకు ఏది పెట్టినా నిద్రే. మాట్లాడు. నా పెళ్ళయిన కొత్తలో నా కోడిపెట్టని కోసుకు తిన్నది నువ్వేనా కాదా?"

"కాదు."

"అబద్ధం. ఇప్పుడు కూడా అబద్ధమే!"

"...సగం నేను తిన్నా. సగం బావ తిన్నాడు."

థవిన్ కూడా అందులో ఉన్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది. "ఇద్దరికిద్దరూ దొంగలే," అని ఇంకో చెంప కొట్టింది.

ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు సురీరత్ తలుపు దగ్గరే ఎదురుచూస్తోంది. వెంటనే తీగలు అంటించారు. తెర మీద గీత మునుపటికన్నా అధ్వాన్నంగా ఉందని ఆమె మొహమే చెప్పింది. డ్రిప్పు ఎక్కిస్తున్నారు. అంతలో గీత చెదిరిపోయి పిచ్చిగీతలయింది. సాయన్ కళ్ళు పైకి పోయాయి. ఒకరు ఛాతీ మీద వంగి నొక్కడం మొదలుపెట్టారు.

"మీరు బయటికెళ్ళండి," అంది నర్సు.

"అడ్డం రాను. బయటికీ పోను," అంది ఖమ్మూన్. గోడకు వీపు ఆనించి నిలబడింది. తండ్రి పోయినప్పుడు ఎవరూ చూడలేదు. మొగుడు పోయినప్పుడు పక్కనే పడుకుని నిద్రలో ఉండి తాను చూడలేదు. ఈసారి ఏం జరిగినా చూడాలనుకుంది.

షాకిచ్చారు. ఒళ్ళు ఎగిరిపడింది. పిచ్చిగీతలు అలాగే ఉన్నాయి. మళ్ళీ ఇచ్చారు. తెర మీద గీత సాపుగా అయిపోయి, ఒక గుబ్బ లేచి, ఆగి, ఇంకొకటి లేచి, నడక సాగించింది. సాయన్ మూలిగాడు. ఖమ్మూన్ గోడ వదలలేదు.

వరండాలో పూన్ మావ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరు ఆయన్ను కూడా వదల్లేదు, ఆయనకూ ఈసీజీ తీయించింది.

"డాక్టరమ్మా, నేను వాణ్ణి చంపబోయానా?"

"మీ మాత్ర మీకు మంచిదే, మావయ్యా. గుండెలో కరెంటు మరీ తుళ్ళిపడకుండా దానికి పగ్గం వేస్తుంది. మీకు కావలసింది అదే. ఇతని దారి అసలే ఇరుకు. అక్కడ అదే పగ్గం ఉరయింది. రెండిటి పేరూ గుండె మాత్రే. ఒకరికి మందు, ఇంకొకరికి విషం. ఇకమీదట మీది మీరే మింగండి."

"మరి వాడి మాత్ర నన్నేమీ..."

"పరిగెత్తించిందిగా. చాలదా?"

మావ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. పంచుకు తినే మా సంస్కృతి గురించి బడి పుస్తకాల్లో చాలా పాఠాలున్నాయి. రాసినవాళ్ళలో ఒక్కరైనా చెరుకు తోటలో గుండె మాత్రల పొట్లం విప్పి చూడలేదు. మంచితనం మందుల సంగతి తెలుసుకోదు. తెలుసుకోవాల్సింది మనిషే, అదీ మింగకముందు.

జ్వరం తగ్గి, గీత కుదురుకున్నాక డాక్టరు మళ్ళీ పెట్టె మాట ఎత్తింది. సాయన్ పైకప్పు చూస్తూ, ఆలోచిస్తానన్నాడు. డాక్టరు ఖమ్మూన్ వైపు చూసింది. ఇక్కడ అక్క ఏడ్చి కాళ్ళావేళ్ళా పడుతుందని అనుకుందేమో.

"నేను బతిమాలను," అంది ఖమ్మూన్, తమ్ముడితో. "వద్దంటే వద్దని చెప్పు. ఇంటికి పోదాం. నీ మంచం దుకాణంలో వేస్తాను. పక్కన కుర్చీలో నేను కూర్చుంటాను. నువ్వు కన్ను మూసినప్పుడల్లా అరికాలి మీద తంతాను. ఇవాళ, రేపు, వచ్చే ఏడు, నేను బతికినన్నాళ్ళూ. నువ్వు ముందు అలుస్తావో నేను ముందు అలుస్తానో చూద్దాం."

"అన్నంత పనీ చేస్తుందండీ ఇది," అన్నాడు సాయన్, డాక్టరుతో.

"నాకూ అలాగే అనిపిస్తోంది," అంది డాక్టరు.

వాడు అరికాళ్ళు రెండూ దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"పెట్టె పెట్టించుకుంటే ఈ వెధవ మాత్రలు మానొచ్చా?"

"ఇప్పట్లో లేదు. గుండె వణికాక నిలబెట్టేది పెట్టె. వణకనీయకుండా చూసేది మాత్ర. కడుపుకి పడేలా మోతాదు సర్దుతాను. మానితే మాత్రం ఒప్పుకోను."

"పరిగెత్తాల్సిందేనన్నమాట." నిట్టూర్చాడు. తర్వాత చొక్కా గుండీ విప్పి, గడ్డం వంచి తన ఛాతీని తనే చూసుకున్నాడు. "ఏ పక్క పెడతారు?"

"ఎడమ పక్క."

"అయితే చెరుకు మోపు కుడి భుజానికి అలవాటు చేసుకోవాలి."

"చేసుకుందువుగాని," అంది ఖమ్మూన్. దుప్పటి వాడి మెడదాకా లాగింది. "ముందు పడుకో."